'అన్నాడు' అంటే సరిపోతుందా?

(జిల్లా గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న యువతీయువకుల ముందు ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

గ్రంథాలయం వాళ్లు నన్ను డైరెక్ట్ స్పీచ్, ఇండైరెక్ట్ స్పీచ్ గురించి ఒక గంట మాట్లాడమన్నారు. ఇప్పుడు నేనన్న ఈ మాటనే పట్టుకుందాం. 'మాట్లాడమన్నారు.' వాళ్లు నన్ను కోరారా, ఆహ్వానించారా, ఆదేశించారా, బతిమాలారా? నా వాక్యంలో ఆ సంగతి లేదు. నా ముఖం చూసి, నా గొంతు విని మీరే ఊహించుకున్నారు. ఇదే వాక్యాన్ని ఇంగ్లీషులో రాయమంటే అక్కడ ఒక క్షణం ఆగాలి. 'ఆస్క్‌డ్ మి టు స్పీక్' అంటే అడిగారని. 'ఇన్వైటెడ్ మి' అంటే ఆహ్వానించారని. 'టోల్డ్ మి టు స్పీక్' అంటే నేను వాళ్ల కింద పనిచేసేవాణ్ణన్నట్టు, మాట్లాడమని పురమాయించారన్నట్టు. 'బెగ్‌డ్ మి' అంటే కాళ్లావేళ్లా పడ్డారని. జరిగింది ఒక్కటే. క్రియ మారితే వినేవాడికి కనిపించే దృశ్యం మారిపోతుంది. ఇవాళ నేను మాట్లాడేది ఆ క్రియ గురించి. దాన్నే రిపోర్టింగ్ వెర్బ్ అంటారు.

మీలో చాలామందికి ఇండైరెక్ట్ స్పీచ్ అంటే ఒక పట్టిక. కొటేషన్లు తీసెయ్యాలి, 'ఐ' ని 'హి' చెయ్యాలి, 'టుడే' ని 'దట్ డే' చెయ్యాలి, 'విల్' ని 'వుడ్' చెయ్యాలి. అది మీకు కంఠతా వచ్చు. నేను ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ పాఠశాలల్లో అదే పట్టిక నల్లబల్ల మీద రాశాను. ఆ పట్టిక తప్పు కాదు. కానీ దాన్ని తప్పు లేకుండా రాసిన పిల్లలే, చదువైపోయాక ఒక ఫిర్యాదు రాయాల్సి వచ్చినప్పుడు, ఒక సమావేశంలో ఎవరేమన్నారో రాయాల్సి వచ్చినప్పుడు, 'హి సెడ్ దట్, షి టోల్డ్ దట్' అని పేజీ అంతా నింపుతారు. పట్టికలో ఎడమవైపు 'సెడ్' ఉంటుంది, కుడివైపు కూడా 'సెడ్' ఉంటుంది, మహా అయితే 'టోల్డ్' ఉంటుంది. మిగతా క్రియలు వాళ్లకు ఎవరూ చూపించలేదు. ఆ లోటులో నాకూ వాటా ఉంది. అందుకే పిలవగానే వచ్చాను.

ముందు మన భాషలో ఏం జరుగుతుందో చూద్దాం. అది తెలియకపోతే ఇంగ్లీషులో ఎక్కడ తడబడుతున్నామో తెలియదు.

తెలుగులో ఇతరుల మాటను చెప్పడానికి మనకున్న పనిముట్టు 'అని'. అది 'అను' అనే క్రియ నుంచి వచ్చింది. పదో తరగతి తెలుగులో ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం చదివారు కదా? "నేను గెలిచాను" అని రవి అన్నాడు. పరోక్షంలోకి మారిస్తే: తాను గెలిచానని రవి అన్నాడు. ఈ రెండో వాక్యాన్ని నెమ్మదిగా వినండి. 'నేను' పోయి 'తాను' వచ్చింది. మరి 'గెలిచాను' లోని 'ను' ఏమైంది? అలాగే ఉంది! 'తాను గెలిచాడని' అంటే ఆ 'తాను' రవేనా, ఇంకెవరైనానా అని అనుమానం వస్తుంది. అంటే మన పరోక్ష కథనంలో రవి నోటి మాట సగం అలాగే మిగిలి ఉంటుంది. సర్వనామం మనం మార్చాం, క్రియ రవిది. కాలం కూడా మార్చం. 'రేపు వస్తానన్నాడు' అంటాం, అంతే. ఇంగ్లీషులో 'విల్' వెళ్లి 'వుడ్' అయినట్టు మన 'వస్తాను' ఏమీ అవ్వదు.

ఇంకో అందమైన సంగతి. 'రమ్మన్నాడు, పొమ్మన్నాడు, తెమ్మన్నాడు, ఇమ్మన్నాడు.' ఇవాళ ఎవరినైనా పిలవాలంటే 'రా' అంటాం. 'రమ్ము' అనే రూపం పద్యాల్లోనే మిగిలింది. కానీ పరోక్షంలోకి వెళ్లేసరికి ఆ పాత 'రమ్ము' మళ్లీ లేచి వచ్చి 'అన్నాడు' పక్కన కూర్చుంటుంది. చదువురాని మా అమ్మమ్మ కూడా రోజూ ఆ పాత విధ్యర్థకాన్ని వాడేది. నాకు ఆ మాట తలచుకున్నప్పుడల్లా సంతోషం వేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. తెలుగులో మాట వెనకున్న ఉద్దేశమంతా ఎక్కడుంటుంది? 'అన్నాడు' లో ఉండదు. దానికి ముందున్న ముక్కలో ఉంటుంది. వినండి.

'ఇస్తానన్నాడు.' 'రానన్నాడు.' 'నేను తియ్యలేదన్నాడు.' 'వెళ్దామన్నాడు.' 'కూర్చోమన్నాడు.' 'ముట్టుకోవద్దన్నాడు.'

చివర అన్నింటికీ 'అన్నాడు' ఒక్కటే. 'స్తాను' లో మాట ఇవ్వడం ఉంది, 'రాను' లో తిరస్కారం ఉంది, 'లేదు' లో కాదనడం ఉంది, 'దాం' లో ప్రతిపాదన ఉంది, 'వద్దు' లో నిషేధం ఉంది. ఇంగ్లీషులో ఆ ఉద్దేశాన్ని ఆ చివర్లలోంచి పైకి లాగి క్రియలో పెడతారు. 'హి ప్రామిస్డ్ టు గివ్.' 'హి రిఫ్యూజ్డ్ టు కమ్.' 'హి డినైడ్ టేకింగ్ ఇట్.' 'హి సజెస్టెడ్ గోయింగ్.' 'హి ఆస్క్‌డ్ మి టు సిట్.' 'హి టోల్డ్ మి నాట్ టు టచ్ ఇట్.' మనం తెలుగులో ఆలోచించి, చివరున్న 'అన్నాడు' ని చూసి దానికి 'సెడ్' పెట్టేస్తాం. అందుకే మన ఇంగ్లీషు చప్పగా ఉంటుంది. మనకు మాటలు రాక కాదు, వెతకాల్సిన చోట వెతక్క. వాక్యం చివర కాకుండా 'అన్నాడు' కి ముందు ఏముందో చూడండి, క్రియ దొరుకుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. 'ఇస్తానన్నాడు' కి 'ప్రామిస్డ్' అన్నాను. అది 'ఆఫర్డ్' కావచ్చు, 'అగ్రీడ్' కావచ్చు, 'త్రెటెన్డ్' కూడా కావచ్చు. ఎవరూ అడక్కుండా తనంతట తాను ఇస్తానంటే 'ఆఫర్డ్'. మనం అడిగితే సరేనంటే 'అగ్రీడ్'. తప్పకుండా ఇస్తాను, నమ్మండి అంటే 'ప్రామిస్డ్'. 'ఒక్కటిస్తాను చూడు' అని చెయ్యెత్తితే 'త్రెటెన్డ్'. వ్యాకరణం చూసి వీటిలో ఏదో తేల్చలేరు. అంతకుముందు ఏం జరిగిందో తెలియాలి. రిపోర్టింగ్ వెర్బ్ అంటే మాటలోని భావం మాత్రమే కాదు, ఆ మాట ఏ సందర్భంలో పుట్టిందో కూడా.

జె.ఎల్. ఆస్టిన్ అనే ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త 1955లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొన్ని ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆయన చెప్పినదాని సారం ఏమిటంటే, మనిషి మాట్లాడినప్పుడు సమాచారం చెప్పడమే కాదు, ఒక పని కూడా చేస్తాడు. మాట ఇవ్వడం ఒక పని, హెచ్చరించడం ఒక పని, క్షమాపణ చెప్పడం ఒక పని. ఆ దృష్టితో చూస్తే 'సెడ్' అనేది నోరు కదిలిందని మాత్రమే చెప్తుంది. 'ప్రామిస్డ్', 'వార్న్‌డ్', 'అపాలజైజ్డ్' ఆ మనిషి ఏ పని చేశాడో చెప్తాయి.

ఈ క్రియల విషయంలో నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పనిచేసిన ఒకచోట స్టోర్ రూమ్‌లోంచి కొన్ని వస్తువులు పోయాయి. విచారణ పెట్టారు. ఇంగ్లీషు మాస్టారిని కదా, ఎవరేం చెప్పారో ఇంగ్లీషులో రాసే పని నాకప్పగించారు. అక్కడి అటెండరు వచ్చి, అడిగిన ప్రశ్నకు సూటిగా, 'ఆ రోజు తాళం చెవి నా దగ్గరే ఉందండీ' అన్నాడు. అతని డ్యూటీయే అది, తాళం చెవి అతని దగ్గర ఉండడంలో తప్పేమీ లేదు. నేను ఏం రాశానంటే, 'హి అడ్మిటెడ్ దట్ ద కీ వజ్ విత్ హిమ్.' ఆ వయసులో 'అడ్మిటెడ్' నాకు బరువైన, మంచి ఇంగ్లీషు మాటలా అనిపించింది.

'అడ్మిట్' అంటే తనకు నష్టం కలిగించే నిజాన్ని ఒప్పుకోవడం. ఆ కాగితం పై అధికారి దగ్గరికి వెళ్లింది. ఆయన అక్కడ లేడు, అటెండరు గొంతు వినలేదు, ముఖం చూడలేదు. ఆయనకు కనిపించింది నా క్రియ ఒక్కటే. తప్పు ఒప్పుకున్నాడు కదా అని అతని మీద చర్యకు నోటీసు తయారైంది. సంగతి తెలిసి నేను పరుగెత్తుకెళ్లి, అది నా పొరపాటని రాతపూర్వకంగా ఇచ్చి, ఆ మాట కొట్టేయించి 'స్టేటెడ్' అని రాయించాను. ఆ వస్తువులు తర్వాత వేరే గదిలో దొరికాయి. ఆ మనిషి నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మధ్యలో గడిచిన రెండు వారాలు అతను ఇంట్లో ఏమని చెప్పుకున్నాడో నాకు తెలియదు. ఒక్క క్రియ. 'స్టేటెడ్' కి 'అడ్మిటెడ్' కి మధ్య తేడా అది.

ఇది తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్లేవాళ్లందరికీ పొంచి ఉన్న ప్రమాదం, ఎందుకంటే మన 'ఒప్పుకున్నాడు' చాలా విశాలమైన మాట. పెళ్లికి ఒప్పుకున్నాడు: అగ్రీడ్. తప్పు ఒప్పుకున్నాడు: అడ్మిటెడ్. నేరం ఒప్పుకున్నాడు: కన్ఫెస్డ్. వాదనలో అవతలివాడి మాట నిజమేనని ఒప్పుకున్నాడు: కన్సీడెడ్. నాలుగు చోట్లా మనకు ఒకటే మాట. అక్కడ 'దేన్ని ఒప్పుకున్నాడు?' అని అడగకుండా ముందుకు వెళ్లకండి. పనికి ఒప్పుకున్నాడా, నిజానికి ఒప్పుకున్నాడా, నేరానికి ఒప్పుకున్నాడా? జవాబులో క్రియ ఉంటుంది.

'కన్ఫెస్డ్' దగ్గర ఇంకాస్త జాగ్రత్త. పత్రికా రంగంలోకి వెళ్లాలనుకునేవాళ్లు ఇది రాసుకోండి. 1872 నాటి భారత సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడికి వ్యతిరేకంగా రుజువుగా పెట్టడానికి వీల్లేదు. ఆ చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ నిబంధన కొనసాగింది. అలాంటప్పుడు ప్రెస్‌మీట్‌లో పోలీసులు చెప్పింది విని మనం 'హి కన్ఫెస్డ్' అని రాస్తే, కోర్టు కూడా తీసుకోని మాటను మనం పాఠకుడి చేతిలో పెట్టినట్టు. 'ద పోలీస్ సెడ్ హి హాడ్ కన్ఫెస్డ్' అనాలి. చెప్పింది పోలీసులు, మనం కాదు. తెలుగు పత్రికల్లో 'ఒప్పుకున్నట్లు పోలీసులు తెలిపారు' అని రాస్తారే, ఆ 'నట్లు' చేసే పని అదే. చూడ్డానికి చిన్న ముక్క, ఒక మనిషి పరువు దాని మీద నిలబడి ఉంటుంది.

రోజువారీ మాటల్లో కూడా మనకు అలాంటిది ఒకటుంది. 'వస్తాడట.' ఆ 'అట' అంటే నేను విన్నాను, పూచీ నాది కాదు అని. ఇంగ్లీషులో ఆ పని చేసే క్రియలున్నాయి. 'క్లెయిమ్డ్' అంటే అతనంటున్నాడు, నిజమో కాదో నాకు తెలియదు. 'అలెజ్డ్' అంటే ఆరోపించాడు, ఇంకా రుజువు కాలేదు. దానికి ఎదురుగా 'పాయింటెడ్ అవుట్' ఉంది. 'షి పాయింటెడ్ అవుట్ దట్ ద బిల్ వజ్ రాంగ్' అంటే బిల్లు తప్పని ఆమె చూపించింది, తప్పేనని నేనూ అంటున్నాను. దీన్ని పరీక్షించడానికి ఒక పద్ధతుంది. వాక్యంలో 'నాట్' పెట్టండి. 'షి డిడ్ నాట్ పాయింట్ అవుట్ దట్ ద బిల్ వజ్ రాంగ్.' ఆమె చెప్పలేదు, అయినా బిల్లు తప్పుగానే ఉంది. 'షి డిడ్ నాట్ క్లెయిమ్ దట్ ద బిల్ వజ్ రాంగ్' అంటే బిల్లు సంగతి మనకు తెలియదు. ఇలా తమ వెనకున్న మాట నిజమని ముందే ఒప్పుకుని నడిచే క్రియలను, అలా ఒప్పుకోని క్రియలను విడదీసి 1970లో పాల్ కిపార్‌స్కీ, కెరొల్ కిపార్‌స్కీ అనే భాషాశాస్త్రవేత్తలు ఒక ప్రసిద్ధమైన వ్యాసం రాశారు. మీకు ఆ పారిభాషిక పదాలు అక్కర్లేదు. ఆ 'నాట్' పరీక్ష గుర్తుంటే చాలు.

ఇలాగే ప్రతి క్రియా ఒక పాత కథను మోసుకొస్తుంది. 'డినైడ్' అన్నారంటే అంతకుముందు ఎవరో ఆరోపించారని అర్థం. ఎవరూ ఏమీ అనకుండా 'హి డినైడ్' రాస్తే, లేని ఆరోపణను మీరు పుట్టించినట్టు. 'రిఫ్యూజ్డ్' అన్నారంటే ఎవరో అడిగారని. 'రిమైండెడ్' అంటే అవతలివాడికి ముందే తెలుసని. 'రిపీటెడ్' అంటే ఇదివరకు ఒకసారి అన్నాడని. 'పర్‌స్వేడెడ్' అంటే చివరికి ఒప్పించాడని. మనం 'నచ్చజెప్పాడు' కి 'పర్‌స్వేడెడ్' వాడేస్తాం, తప్పు. గంటసేపు నచ్చజెప్పినా అవతలివాడు వినకపోవచ్చు. అప్పుడది 'ట్రైడ్ టు పర్‌స్వేడ్'. 'ఒప్పించాడు' మాత్రమే 'పర్‌స్వేడెడ్'.

మీరు అనొచ్చు, మాస్టారూ, తెలుగులో 'అన్నాడు' ఒక్కటేనా ఉన్నది అని. కాదు, కానే కాదు. కింద రీడింగ్ రూమ్‌లోకి వెళ్లి ఇవాళ్టి దినపత్రిక తెరవండి. తెలిపారు, పేర్కొన్నారు, వెల్లడించారు, స్పష్టం చేశారు, ఆరోపించారు, ఖండించారు, హెచ్చరించారు, విజ్ఞప్తి చేశారు, హామీ ఇచ్చారు, వాపోయారు, మండిపడ్డారు, ధ్వజమెత్తారు, హితవు పలికారు. ఒక్క పేజీలో ఇన్ని రిపోర్టింగ్ వెర్బులు! ఇంట్లో మాట్లాడే తెలుగులో 'అన్నాడు' తో గడుపుకుంటాం, పత్రికా తెలుగులో ఇంగ్లీషుకు దీటైన సంపద ఉంది. ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఇదొక దగ్గరి దారి. ఇంట్లో మాట నుంచి ఇంగ్లీషుకు దూకకండి, మధ్యలో పత్రికా తెలుగు మీద ఒక కాలు వెయ్యండి. 'తన దగ్గర డబ్బు తీసుకున్నాడని అన్నాడు' అనుకోండి. పత్రికలో అయితే ఏమని రాస్తారు? 'ఆరోపించాడు.' అప్పుడు 'అలెజ్డ్' దానంతటదే వస్తుంది.

ఆ దారిలోనూ గుంటలున్నాయి. 'ఖండించారు' చూడండి. దాడిని ఖండించారు: కండెమ్డ్ ద అటాక్. ఆరోపణను ఖండించారు: డినైడ్ ద అలిగేషన్. ఒకటి తప్పుపట్టడం, రెండోది నిజం కాదనడం. ఆరోపణకు 'కండెమ్డ్' వాడితే, ఆరోపణ చేసినవాళ్లను తిట్టాడు కానీ నిజం కాదని మాత్రం అనలేదు అన్నట్టు మిగులుతుంది. 'సూచించారు' ఇంకో గుంట. డాక్టరు రోగికి సూచించాడంటే 'అడ్వైజ్డ్'. స్నేహితుడు సూచించాడంటే 'సజెస్టెడ్'. కలెక్టరు అధికారులకు సూచించారంటే అది సూచన కాదు, ఆదేశమే. 'డైరెక్టెడ్' అనాలి. పదవిని బట్టి మాట బరువు మారుతుంది, ఇంగ్లీషు దాన్ని క్రియలో అడుగుతుంది.

సరే, అర్థం సంగతి ఇంతవరకు. ఇప్పుడు నిర్మాణం. మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడ.

తెలుగులో వినేవాడు రెండు రకాలుగా వస్తాడు. 'నన్ను' గా, 'నాకు' గా. నన్ను అడిగాడు, నన్ను రమ్మన్నాడు, నన్ను హెచ్చరించాడు, నన్ను ఆహ్వానించాడు, నన్ను ఒప్పించాడు. వీటికి ఇంగ్లీషులో భయం లేదు. క్రియ వెంటనే 'మి' పెట్టండి. ఆస్క్‌డ్ మి, టోల్డ్ మి టు కమ్, వార్న్‌డ్ మి, ఇన్వైటెడ్ మి, పర్‌స్వేడెడ్ మి. గొడవంతా 'నాకు' తో. నాకు చెప్పాడు, నాకు వివరించాడు, నాకు సూచించాడు, నాకు గుర్తుచేశాడు. తెలుగులో నాలుగూ ఒకే కుటుంబం. ఇంగ్లీషులో రెండు ముక్కలవుతాయి. టోల్డ్ మి, రిమైండెడ్ మి ఒకవైపు. ఎక్స్‌ప్లెయిన్డ్ టు మి, సజెస్టెడ్ టు మి మరోవైపు. 'ఎక్స్‌ప్లెయిన్డ్ మి', 'సజెస్టెడ్ మి టు గో' అని మన నోట ఎందుకొస్తాయంటే, మన చెవికి ఆ నాలుగు 'నాకు' లూ ఒకటే కాబట్టి. దీనికి సూత్రం లేదు. ఏ క్రియకు 'టు' కావాలో ఆ క్రియతో పాటే గుర్తుపెట్టుకోవాలి. సే, ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, మెన్షన్, అడ్మిట్, కన్ఫెస్: ఇవన్నీ 'టు' అడిగేవి.

'సజెస్ట్' ని ఒంటరిగా ఇంకో నిమిషం పట్టుకోవాలి, ఎందుకంటే మన దేశంలో దాన్ని వాడినన్నిసార్లూ తప్పే జరుగుతోందనిపిస్తుంది నాకు. దాని తర్వాత మనిషి రాడు, 'టు గో' రాదు. 'హి సజెస్టెడ్ గోయింగ్ బై ట్రెయిన్.' లేదా 'హి సజెస్టెడ్ దట్ వి గో బై ట్రెయిన్.' రవి గురించైతే 'హి సజెస్టెడ్ దట్ రవి గో బై ట్రెయిన్.' అక్కడ 'గోస్' కాదు, 'వెంట్' కాదు, ఒట్టి 'గో'. బ్రిటిష్ వాళ్లు 'షుడ్ గో' అని కూడా అంటారు, అదీ ఒప్పే. ఫలానావాణ్ణి వెళ్లమని చెప్పాడని రాయాలనిపిస్తే 'అడ్వైజ్డ్ రవి టు గో' వాడండి. 'అడ్వైజ్' మనిషిని తీసుకుంటుంది.

'టోల్డ్ దట్' కూడా మన సొంత తప్పే. తెలుగులో 'చెప్పాడు' కి ఎవరికి అని చెప్పాల్సిన పని లేదు. ఇంగ్లీషు 'టెల్' కి వినేవాడు కావాలి. టోల్డ్ మి, టోల్డ్ దెమ్, టోల్డ్ ద జడ్జ్. వినేవాణ్ణి చెప్పదలచుకోకపోతే 'సెడ్' కి వెళ్లిపోండి. టెల్ ఎ లై, టెల్ ద ట్రూత్, టెల్ ఎ స్టోరీ లాంటి కొన్ని జంటల్లోనే అది ఒంటరిగా నిలబడగలదు. 'ఇన్ఫార్మ్', 'అష్యూర్', 'రిమైండ్' కూడా 'టెల్' లాగే వినేవాణ్ణి అడిగేవే. మన ఆఫీసు ఉత్తరాల్లో 'ఇట్ ఈజ్ ఇన్ఫార్మ్‌డ్ దట్' అని మొదలుపెడతారు చూడండి, అది ఎక్కడి నుంచి వచ్చింది? 'తెలియజేయడమైనది' నుంచి! తెలుగులో ఆ మాట పూర్తి వాక్యం, ఎవరికి అనేది చెప్పకపోయినా నిలబడుతుంది. ఇంగ్లీషులో 'యు ఆర్ ఇన్ఫార్మ్‌డ్ దట్' అనాలి, లేదా 'దిస్ ఈజ్ టు ఇన్ఫార్మ్ యు దట్' అనాలి. ఆ 'యు' లేకుండా 'ఇన్ఫార్మ్' కదలదు.

మరికొన్ని క్రియలు తమ వెంట ఒక చిన్న మాటను తెచ్చుకుంటాయి. అక్యూజ్డ్ హిమ్ ఆఫ్ స్టీలింగ్. బ్లేమ్డ్ హిమ్ ఫర్ ద డిలే. కంగ్రాచ్యులేటెడ్ హర్ ఆన్ విన్నింగ్. అపాలజైజ్డ్ ఫర్ బీయింగ్ లేట్. ఇన్‌సిస్టెడ్ ఆన్ పేయింగ్. వీటి గురించి వాదించడానికేం లేదు, పదే పదే రాసి అలవాటు చేసుకోవడమే.

ప్రశ్నల దగ్గరికి వద్దాం. 'ఎక్కడికెళ్తున్నావని అడిగాడు.' మన 'అని' ని 'దట్' గా మార్చి 'హి ఆస్క్‌డ్ మి దట్ వేర్ ఆర్ యు గోయింగ్' అంటాం. ఇందులో రెండు తప్పులు. ప్రశ్నను పరోక్షంలోకి తెచ్చినప్పుడు 'దట్' కి చోటు లేదు, 'వేర్' ఆ చోట్లో కూర్చుంది. రెండోది, ఇప్పుడు మీరు ఎవరినీ అడగడం లేదు. అతను అడిగాడని చెప్తున్నారు. మీది ప్రశ్న కాదు కాబట్టి ప్రశ్న వరస అక్కర్లేదు. 'వేర్ ఐ వజ్ గోయింగ్.' చివర ప్రశ్నార్థకం కూడా ఉండదు. 'తిన్నావా అని అడిగింది' లో మన 'ఆ' ఉంది చూశారా, ఆ 'ఆ' చేసే పనికి ఇంగ్లీషులో 'ఇఫ్' లేదా 'వెదర్' పెడతారు. 'షి ఆస్క్‌డ్ ఇఫ్ ఐ హాడ్ ఈటెన్.' తెలుగులో చివరున్న దీర్ఘం అక్కడ ముందుకొచ్చింది.

టెన్స్ గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలుసు. ఒక్కటి. రిపోర్టింగ్ వెర్బ్ 'సేస్' అయితే లోపలిది కదలదు. 'సెడ్' అయితే ఒక మెట్టు వెనక్కి. దానికి బ్యాక్‌షిఫ్ట్ అని పేరు. డెన్మార్క్ వ్యాకరణవేత్త ఓటో యెస్పర్సన్ రాతల్లో ఆ మాట కనిపిస్తుంది. కానీ చెప్పిన సంగతి ఇప్పటికీ నిజమైతే వెనక్కి జరపకపోయినా తప్పు కాదు. 'భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది' ఒక్కటే కాదు, 'షి సెడ్ షి లివ్స్ ఇన్ వరంగల్' అన్నా సరైనదే, ఆమె ఇంకా అక్కడే ఉంటే. పరీక్షలో మాత్రం వెనక్కి జరిపి 'లివ్డ్' రాయండి, అది ఎప్పుడూ సురక్షితం. శాశ్వత సత్యాలను మాత్రం అక్కడ కూడా కదిలించకండి.

ఆ అమ్మాయి ఏదో అడుగుతోంది. అమ్మా, గట్టిగా చెప్పు. 'ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్' రాయాలా వద్దా అని.

మంచి ప్రశ్న. పరీక్షలో 'హుర్రే' వస్తే రాయి, మార్కు వస్తుంది. బయట ఎవరూ అలా రాయరు. మ్యాచ్ గెలిచిన కెప్టెన్ మాటలను పత్రికలో రాసేవాళ్లు 'ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్' అనడం నేను చూడలేదు. 'షి వజ్ డిలైటెడ్ దట్ దే హాడ్ వన్' అంటారు, లేదా ఆమె మాటను కొటేషన్లలో అలాగే పెడతారు. ఇది కూడా గుర్తుంచుకోండి: కొన్ని మాటలు పరోక్షంలోకి మార్చకూడదు. ఏడుపు, తిట్టు, ఒక తల్లి బిడ్డను పిలిచిన పిలుపు, వీటిని ఆ మనిషి అన్నట్టే ఇవ్వాలి. ఏ రిపోర్టింగ్ వెర్బూ వాటికి సరిపోదు.

ఇంకో ప్రశ్న ఉంది అక్కడ. ప్రతిచోటా కొత్త క్రియ వాడితేనే మంచి ఇంగ్లీషా అని. కాదు నాయనా. 'సెడ్' లో తప్పేం లేదు. నిజానికి అది చాలా నిజాయతీ గల క్రియ, ఎందుకంటే అది ఎవరి పక్షమూ వహించదు. ఆ మనిషి ఏ ఉద్దేశంతో అన్నాడో నీకు తెలియకపోతే 'సెడ్' దగ్గరే ఆగు. తెలిస్తే, నువ్వు అక్కడుండి విని ఉంటే, అప్పుడు 'వార్న్‌డ్' అను, 'ప్రామిస్డ్' అను. వైవిధ్యం కోసం క్రియ మార్చకు. నేను 'అడ్మిటెడ్' రాసింది సరిగ్గా ఆ మోజుతోనే.

ఇక పని మొదలుపెడదాం. ఈ కాగితాలు అందరికీ పంచండి. ఇందులో పన్నెండు తెలుగు వాక్యాలున్నాయి, అన్నీ 'అన్నాడు', 'అంది', 'అన్నారు' తోనే ముగుస్తాయి. ప్రతి వాక్యం పైన రెండు పంక్తుల్లో సందర్భం ఇచ్చాను, ముందు అది చదవండి. పక్కవాళ్లతో మాట్లాడుకోవచ్చు. నిఘంటువు కావాలంటే ఆ మూల బీరువాలో రెండున్నాయి. పాతిక నిమిషాల తర్వాత ఒక్కొక్కరు లేచి, ఏ క్రియ పెట్టారో, అదే ఎందుకు పెట్టారో చెప్పాలి. మొదటి వాక్యం నేను చదువుతాను. కూతురు ఊరెళ్తోంది. బస్సు కదలబోతోంది. తండ్రి కిటికీ దగ్గరికొచ్చి, 'చేరగానే ఫోన్ చెయ్యమ్మా' అన్నాడు.